కరెంటు లేని కంప్యూటరు పాఠం

మొన్న మా అమ్మాయి స్కూల్లో తల్లిదండ్రుల సమావేశమంటే వెళ్ళాను. గోడమీద ఏవో చూపించడానికి పాత ప్రొజెక్టరొకటి తెచ్చి పెట్టారు. అది వేడెక్కేసరికి బల్బు దగ్గర పేరుకున్న దుమ్ము మాడి సన్నగా వాసనొచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారు చెప్పిందేదీ చెవికెక్కలేదు. తెనాలికి నాలుగు మైళ్ళ అవతల మేం చదువుకున్న హైస్కూలు హాలు, మే నెల ఉక్కపోత, పొడుగు కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, ముందు వరసలో కండువాతో మెడ తుడుచుకుంటున్న మా తెలుగు మాస్టారు, అన్నీ కళ్ళముందుకొచ్చేశాయి.

మాస్టారు పోయి చాలా కాలమైంది. నాన్నా లేరు. ఆ మధ్యాహ్నం గురించి ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.

* * *

ముందు నాన్న ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పాలి. అది లేకపోతే ఆ రోజు నేను నోరు విప్పగలిగేదాన్ని కాదు.

తెనాలి బోసు రోడ్డుకి పక్క సందులో, ఒక మేడమీద, టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు నాన్న. పొద్దున ఆరింటికి మొదటి బ్యాచి. మెట్లకింద సైకిళ్ళు పెట్టే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. ఎక్కువగా రెమింగ్టన్లు, రెండో మూడో హాల్డాలు, కిటికీ పక్కన బల్లమీద ఒకే ఒక్క తెలుగు మిషను. గదంతా రిబ్బను సిరా వాసన, మిషను నూనె వాసన. ఆదివారం కిరసనాయిల్లో బ్రష్షు ముంచి అచ్చులు తోమేవారు. అచ్చుల సందుల్లో సిరా గట్టిపడితే 'అ'కి, '0'కి కడుపులు నిండిపోతాయి. గుండుసూదితో ఆ నల్లటి పొలుసు తీసే పని నాది.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారమంతా ఒకటే పాఠం: ఏ ఎస్ డి ఎఫ్ జీ ఎఫ్, సెమీకోలన్ ఎల్ కే జే హెచ్ జే. నాన్న బెత్తంతో బల్ల అంచుమీద తాళం వేసేవారు. ఆ తాళానికి అందరి వేళ్ళూ ఒకేసారి పడాలి. వేగం తర్వాత, తాళం ముందు అనేవారు. లైను చివరకొచ్చేసరికి ఒక మిషను 'టింగ్' అంటుంది, దాని వెనకే ఇంకోటి, ఆ వెనకే క్యారేజీలు వెనక్కి తోసే కరకర. అన్నీ ఒకేసారి మోగినరోజు నాన్న ముఖం చూడాలి.

బ్యాచిలో మిషన్లకన్నా మనుషులు ఎక్కువైనప్పుడు నాన్న అట్టలు తీసేవారు. కాలెండరు అట్టమీద కీబోర్డు బొమ్మ గీసి, ఒక్కో మీటా గుండ్రంగా దిద్ది, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం అంటించినవి. మిషను ఖాళీ అయ్యేదాకా ఆ అట్టమీద కొట్టమనేవారు. అచ్చు పడదు కాబట్టి తప్పు కొట్టానన్న భయం ఉండదు. "వేలికి దారి తెలియాలమ్మా, ఇనుము సంగతి తర్వాత" అనేవారు. అట్టమీద నేర్చుకున్నవాళ్ళే లోయరు, హయ్యరు పరీక్షల్లో నిలబడ్డారని ఆయన నమ్మకం. నేను చూసినంతలో అది నిజమే.

పరీక్షలనాడు సందడి చెప్పనక్కర్లేదు. ఎవరి మిషను వాళ్ళే పరీక్ష సెంటరుకి మోసుకెళ్ళాలి. రిక్షాలో ఒక మనిషి, ఒళ్ళో మిషను, మిషనుమీద తువ్వాలు. అలాంటి రిక్షాలు బారుగా వెళ్తుంటే నాన్న సైకిలుమీద ముందు ఒకసారి, వెనక ఒకసారి తిరిగేవారు. దారిలో కుదుపుకి మిషను స్ప్రింగు బిగువు పోతుందేమోనని జేబులో స్క్రూడ్రైవరు, కొత్త రిబ్బను ఒకటి.

ఆ తెలుగు మిషనంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గుడికీ, కొమ్ముకీ, వత్తులకీ వేరే మీటలు. కొన్ని కొడితే క్యారేజీ కదలదు, అక్షరం వచ్చి వాటితో కలిశాకే ముందుకి జరుగుతుంది. కోర్టు గుమాస్తాలు తప్ప దానిమీద కూర్చునేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటే నేనే కూర్చుని నా పేరూ, అమ్మ పేరూ, మా వీధి పేరూ కొట్టుకునేదాన్ని.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. బ్యాచిలు పల్చబడ్డాయి. ఇన్‌స్టిట్యూట్ మూసేసి నాన్న మా ఊరికి వచ్చేశారు. మిషన్లు పాతసామానువాడు తూకానికి కొనుక్కుపోయాడు, తెలుగు మిషనుతో సహా. గోద్రెజ్ వాళ్ళు టైపు మిషన్ల తయారీ ఆపేశారని 2011లో పేపర్లో వస్తే నాన్న ఆ ముక్క కత్తిరించి దాచుకున్నారు. అప్పటికి ఆయన గదిలో మిగిలినవి బెత్తం, అట్టలు.

* * *

నేను హైదరాబాదు వచ్చాను. అమీర్‌పేటలో కోర్సులు, మైత్రీవనం చుట్టూ జిరాక్సు నోట్సులు, మెస్సు భోజనాలు, చివరికో ఉద్యోగం. ఆ రోజుల సంగతి చాలామంది రాశారు, నాదీ అంతే.

నాకు గుర్తున్నది మాత్రం తెరమీద మొదటిసారి తెలుగు చూసిన రాత్రి. అప్పటిదాకా నెట్‌లో తెలుగంటే ఏ పత్రిక ఫాంటు ఆ పత్రికదే. అక్కడిది తెచ్చి ఇక్కడ అతికిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వచ్చేవి. అన్ని భాషల అక్షరాలకీ అన్ని కంప్యూటర్లలో ఒకే అంకె ఉండేలా చేసిన పట్టిక యూనికోడ్. అందులో 1991లోనే తెలుగుకి చోటు ఇచ్చారు. కానీ అది మామూలు మనిషి బల్లమీదికి రావడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతోపాటు గౌతమి ఫాంటు రావాల్సొచ్చింది. 2003 చివర్లో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆ తర్వాత రెండుమూడేళ్ళలో బ్లాగులు, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగుగా మార్చే లేఖిని, ఎక్కడ చూసినా తెలుగు రాసేవాళ్ళే. ఆఫీసు పనయ్యాక రాత్రిళ్ళు నేనూ అందులోనే ఉండేదాన్ని. మీటలకి నేరుగా తెలుగు అక్షరాలే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడం నాకు కష్టం కాలేదు. ఎడమచేతికి గుణింతాలు, కుడిచేతికి హల్లులు. వేళ్ళకి దారి తొందరగానే తెలిసిపోయింది.

ఆ రోజుల్లోనే ఒకసారి మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, కంప్యూటర్లో తెలుగు రాస్తున్నావట, మీ నాన్న చెప్పాడు. ఎండాకాలం వస్తావుగా, మాకూ చెప్పు. రిటైరైన పంతుళ్ళం చాలామందిమి ఉన్నాం, పద్యాలు రాసేవాళ్ళం ఉన్నాం. అచ్చుకిస్తే వాడు తప్పులు దొర్లించి ఇస్తున్నాడు. మా అక్షరం మేమే వేసుకుంటే సరిపోతుందిగా" అన్నారు.

మాస్టారికి కాదని చెప్పే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గుండె దడ మొదలైంది. నలుగురిలో నిలబడి మాట్లాడింది లేదు. ఆఫీసులో కూడా నా పని నేను చేసుకుని, చెప్పాల్సింది కాగితంమీద రాసిచ్చే మనిషిని. ఇక్కడేమో నాకు ఛందస్సు చెప్పినవాళ్ళకి, తప్పు రాస్తే వేళ్ళమీద కొట్టినవాళ్ళకి నేను పాఠం చెప్పాలి!

కాచిగూడలో డెల్టా ప్యాసింజరెక్కి రాత్రంతా పై బెర్తుమీద చెప్పాల్సింది వల్లె వేసుకున్నాను. పెన్ డ్రైవులో ఫాంటులు, కాగితంమీద కీబోర్డు బొమ్మ, సంచిలో ఎక్స్‌పీ సీడీ. తెల్లవారి తెనాలిలో దిగేటప్పటికి గొంతు బొంగురుపోయింది.

ఇంట్లో నాన్న నా చేతులు చూశారు. "వణుకొస్తే బల్లమీద ఏ ఎస్ డి ఎఫ్ దగ్గర పెట్టు. చోటు దొరికితే వేళ్ళు నిలబడతాయి" అన్నారు. మాట్లాడ్డం ఎలాగో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

* * *

హాలు నిండిపోయింది. మాస్టారు పాతిక ముప్పైమంది అన్నారుగానీ ఇంటర్ పిల్లలు, ఇద్దరు ముగ్గురు టీచరమ్మలు, పంచాయతీ గుమాస్తా, ఊళ్ళో కంప్యూటరుమీద అచ్చుకి పేజీలు కూర్చే డీటీపీ సెంటరు పెట్టిన కుర్రాడు, అందరూ వచ్చారు. దాత ఎవరో ఇచ్చిన కంప్యూటరొకటి, పెద్ద బుడ్డి మానిటరుతో. ప్రొజెక్టరు ఎవరో ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఎరువు తెచ్చారు. గోడమీద తెల్ల దుప్పటి కట్టారు.

ప్రొజెక్టరు వేశాం. నీలం తెర, 'సిగ్నల్ లేదు' అన్న మాట. తీగ పీకి మళ్ళీ పెట్టాం. బొమ్మ వచ్చింది, గులాబీ రంగులో వచ్చింది. పిన్ను ఒకటి వంగిందని డీటీపీ అబ్బాయి కనిపెట్టాడు. అప్పటికే నాకు నాలుక పిడచకట్టుకుపోయింది. ముందు వరసలో మాస్టారు ఏమీ జరగనట్టు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

పెన్ డ్రైవులోంచి నేను రాసుకొచ్చిన ఫైలు తెరిచాను. దుప్పటినిండా డబ్బాలు. ఒక్క అక్షరం లేదు, వరసలు వరసలుగా ఖాళీ డబ్బాలు.

ఇది వస్తుందని తెలిసే సీడీ తెచ్చుకున్నాను. ఎక్స్‌పీలో తెలుగు ముందే ఉంటుంది, నిద్రపోతూ ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల దగ్గర 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అన్న చోట టిక్కు పెట్టి, సీడీలోని ఐ386 ఫోల్డరు చూపించి, మిషను ఆపి మళ్ళీ వేస్తే అప్పుడు గౌతమి దిగుతుంది, వత్తులు ఎక్కడ కూర్చోవాలో కంప్యూటరుకి తెలుస్తుంది. టిక్కు పెట్టాను. సీడీ అడిగింది. మీట నొక్కాను. ట్రే బయటికి రాలేదు. లోపల ఏదో తిరుగుతున్న మూలుగు, అంతే.

మళ్ళీ నొక్కేలోపు కరెంటు పోయింది.

యూపీఎస్ బీప్‌మంది, మరోసారి బీప్‌మంది, మానిటరు నల్లబడిపోయింది. ఫ్యాన్లు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. కోత సమయం అది కాదు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. కిటికీల్లోంచి వేడి గాలి, బయట చింతచెట్టుమీద కాకులు. జనం విసనకర్రలుగా కాగితాలు తీశారు. ఒక్కరు కూడా లేచి వెళ్ళలేదు. నాకు అది ఇప్పటికీ ఆశ్చర్యమే. అంత ఎండలో, అంత ఉక్కలో, అంత వయసున్నవాళ్ళు, తెలుగు రాయడం నేర్చుకుందామని కూర్చునే ఉన్నారు.

డీటీపీ అబ్బాయి టీచరమ్మ నడిగి పిన్నీసు తీసుకున్నాడు. దాన్ని తిన్నగా సాగదీసి, సీడీ డ్రైవు ముందున్న సన్నటి కన్నంలో పెట్టి నెట్టాడు. ట్రే అంగుళమంత బయటికొచ్చింది. మిగతాది వేలితో లాగాడు. "బెల్టు సాగిపోయిందక్కా, ఇది పనిచెయ్యదు. మా షాపులో డ్రైవు ఊడదీసుకొస్తా. అక్కడా కరెంటు లేదుగా, ఎలాగూ పనుండదు" అని టీవీఎస్ వేసుకుని వెళ్ళిపోయాడు.

హాల్లో నేనూ, చచ్చిపోయిన కంప్యూటరూ మిగిలాం. ఏం చెయ్యాలో తోచక బల్లమీద వేళ్ళు పెట్టాను. ఎడమచేతివి నాలుగు, కుడిచేతివి నాలుగు. నాన్న వెనక వరసలో ఉన్నారు. కుర్చీ పక్కన గుడ్డసంచి. అందులో అట్టలున్నాయని అప్పుడు చూశాను.

* * *

ఆ తర్వాత జరిగిందే అసలు పాఠం.

నల్లబల్ల దగ్గరికి వెళ్ళి కీబోర్డు గీశాను. మధ్య వరస ముందు. ఎడమవైపు ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. కుడివైపు ప, ర, క, త, చ, ట. గీస్తుంటే సుద్దముక్క కిర్రుమనేది. చేతిలో సుద్ద ఉండేసరికి వణుకు ఎటుపోయిందో తెలీదు. నాన్న అట్టలు పంచారు, చాలనివాళ్ళు నోటుపుస్తకంలో బొమ్మ గీసుకున్నారు. పాత అట్టలమీద ఉన్నవి ఇంగ్లీషు మీటలే, అయినా చోటు ఒకటే కదా. తెలుగు అక్షరాలు పెన్సిలుతో పైన రాసుకోమన్నాను.

అప్పుడు బల్లమీద 'స్త్రీ' అని రాశాను. "దీన్ని కంప్యూటరు ఎలా దాచుకుంటుందో చెప్తాను" అన్నాను. ఒక్కొక్కటే కింద రాశాను: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. మొత్తం ఆరు. ఒక్కోదానికీ ఒక అంకె ఉంటుందనీ, ప్రపంచంలో ఏ కంప్యూటర్లోనైనా 'త' అంకె ఒకటే అనీ, అందుకే ఇక్కడ రాసింది అమెరికాలో తెరిచినా తెలుగుగానే ఉంటుందనీ చెప్పాను. కింద త వత్తు పెట్టడం, దానికి క్రావడి చుట్టడం ఫాంటు పని. మనం చెప్పాల్సింది పలికే వరస ఒక్కటే.

మాస్టారు లేచి నిలబడ్డారు. "అంటే సకారానికి త వత్తిస్తే, క్రావడిస్తే, గుడిదీర్ఘమిస్తే స్త్రీ. బాలశిక్షలో చెప్పేదేగా!" అన్నారు. హాలంతా ఒక్కసారి కదిలింది. నిజం, అదే. అంతకన్నా చక్కగా నేను చెప్పలేను. టైపు మిషనుమీద కంటికి కనపడే వరసలో కొట్టాలి, ఏ ముక్క ముందు పడితే బొమ్మ కుదురుతుందో అలా. దీనిమీద నోటికొచ్చే వరసలోనే కొడతాం. ఈ తేడా నాకు చాలాకాలంగా తెలుసు, కానీ అది బాలశిక్ష వరస అని ఆ క్షణందాకా తట్టలేదు. వంద పుస్తకాలు చదివినా ఆ మాట నాకు ఇంకెవరూ చెప్పేవారు కాదు.

నాన్న ముందుకొచ్చారు. బెత్తం తేలేదు, స్కేలు అందుకున్నారు. బల్ల అంచుమీద తాళం. "ఎమ్, డి, ఎల్, డి, జే, ఆర్." మళ్ళీ. "ఎమ్, డి, ఎల్, డి, జే, ఆర్." ఆరు మీటలు, షిఫ్టు అక్కర్లేదు. డెబ్బై దాటినవాళ్ళ వేళ్ళు అట్టలమీద టపటపా పడుతున్నాయి. వెనక పిల్లలు బెంచీలమీద కొడుతున్నారు. పంచాయతీ గుమాస్తా కళ్ళు మూసుకుని కొడుతున్నాడు, అతను మా ఇన్‌స్టిట్యూట్‌లోనే లోయరు ప్యాసైనవాడని తర్వాత తెలిసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత నాన్న గొంతులో ఆ పొద్దుటి బ్యాచి గొంతు విన్నాను.

తర్వాత 'అమ్మ', 'తెనాలి', 'కృష్ణ'. ఎవరి పేరు వాళ్ళు. ఎవరో కుండలో మజ్జిగ తెచ్చి అందరికీ పోశారు. ఒక పెద్దాయన లేచి, ఇంగ్లీషు రాకపోయినా ఇది కుదురుతుందా అని అడిగారు. "కుదురుతుందండీ, ఇందులో ఇంగ్లీషే లేదు" అన్నాను. ఆ జవాబిస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతని చెప్పలేను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి వల్లే ఎక్కువమంది తెలుగులోకి వచ్చారు, ఆ మేలు మరిచిపోకూడదు. కానీ ఆ హాల్లో ఉన్నవాళ్ళకి తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీషు స్పెల్లింగు ఆలోచించాల్సిన అవసరం ఎందుకు రావాలి?

* * *

కరెంటు వచ్చేలోపే డీటీపీ అబ్బాయి వచ్చాడు. జేబులో స్క్రూలు, చేతిలో డ్రైవు. క్యాబినెట్ పక్క రేకు తీసి, బద్దకేబులు మార్చి కూర్చున్నాడు. కరెంటు వచ్చాక సీడీ వేశాం. ఫైళ్ళు కాపీ అయ్యేంతసేపూ అందరూ ఆ పచ్చగీతను చూస్తున్నారు. మిషను ఆగి మళ్ళీ లేచింది. ప్రొజెక్టరు మళ్ళీ వేడెక్కి దుమ్ము వాసనొచ్చింది. నా ఫైలు తెరిస్తే డబ్బాలు పోయి గౌతమి అక్షరాలు వరసగా నిలబడ్డాయి. చప్పట్లు కొట్టారు.

మొదట ఎవరొస్తారంటే అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నారు. ఒక్క చూపుడువేలు, గోరు పక్కన సుద్దకి పగిలిన గీత. షిఫ్టు పట్టుకోమని చూపించాను. ఎమ్, తర్వాత డి, జే, ఆర్. దుప్పటిమీద 'శ్రీ' పడింది. రాసే ప్రతి కాగితానికీ పైన ఆయన పెట్టే శ్రీ. వేలు మీటమీదనే ఉంచి కాసేపు దానివైపే చూశారు. తర్వాత నన్నడక్కుండానే కిందికి వరస మార్చి, మధ్యలో వెతుక్కుంటూ, తన పేరు మొత్తం కొట్టారు.

ఆ సాయంత్రం ముంజలు తింటూ డీటీపీ అబ్బాయి తన బాధ చెప్పాడు. యూనికోడ్ కాని అను ఫాంటుల్లో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఏళ్ళ తరబడి వేసిన ఫైళ్ళున్నాయట. పెళ్ళిపత్రికలు, శతకాలు, ఊరి దేవస్థానం చరిత్ర. వేరే కంప్యూటర్లో తెరిస్తే చెత్త వస్తోంది, అవి యూనికోడ్‌లోకి ఎలా తేవాలి అన్నాడు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత మార్చే ప్రోగ్రాములు వచ్చాయి, అతనే వెతుక్కుని, తప్పులు చేత్తో దిద్దుకుంటూ శతకాలన్నీ మార్చాడు. షాపు ఇప్పటికీ ఉంది.

మాస్టారు నెట్‌సెంటరుకి వారానికోసారి వెళ్ళి మెయిలు రాసేవారు. అన్నిటికీ పైన శ్రీ, కింద క్షేమం. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్ చేశారు. గొంతు కోపంగా ఉంది. "అమ్మాయ్, ఎఱుపు రాద్దామంటే బండి ఱ కనపడదేం? దాన్ని కూడా తీసేశారా వీళ్ళు?"

"తియ్యలేదు మాస్టారూ. షిఫ్టు పట్టుకుని జే కొట్టండి."

కాసేపు అటువైపు మీటల చప్పుడు. "దొరికింది. ర మీదే పెట్టారు. పెట్టినవాళ్ళు తెలిసినవాళ్ళేనమ్మా" అన్నారు. ఆ వారం వచ్చిన మెయిల్లో ఎఱుక, చెఱకు, కొఱత, గుఱ్ఱం, ఒక్కటి కూడా వదల్లేదు.